ఆకాశపు షెల్ సరిగా విచ్చుకోకపోతే: తీరంలో కనిపించే లోపాలు, కారణాలు

గొట్టంలోంచి ఆకాశంలోకి ఎగిరి పేలి, రంగుల పువ్వులా విచ్చుకునే బాణసంచానే షెల్ అంటారు. అందులో మూడు మంటలు వరుస తప్పకుండా పనిచేయాలి. అడుగున ఉన్న నల్లమందు షెల్‌ను గొట్టంలోంచి పైకి తోస్తుంది. ఆ మంటకే అంటుకున్న ఆలస్యపు ఒత్తి, షెల్ ఎగురుతున్నంతసేపూ కాలి, చివరకు లోపలి మందును చేరుతుంది. అప్పుడు పెంకు పగిలి, అందులో పేర్చిన రంగు గుళికలు మండుతూ చెదురుతాయి. కాబట్టి లోపం కనిపించినప్పుడు సరుకును తిట్టడానికి ముందు, ఈ మూడింటిలో ఏది తప్పిందో చూడాలి.

గొట్టంలోంచి లేవకపోతే

తోసే మందు చెమ్మగిల్లి ఉండవచ్చు, లేదా దాన్ని అంటించే ఒత్తి మధ్యలోనే ఆరిపోయి ఉండవచ్చు. విశాఖ గాలిలోని తేమ దృష్ట్యా మొదటి అనుమానం చెమ్మ మీదే. గొట్టంలోకి తొంగిచూడడం, మళ్లీ అంటించడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. కనీసం అరగంట ఆగి, దూరం నుంచే నీళ్లతో బాగా తడిపి, లైసెన్సు ఉన్న ప్రదర్శకులకు అప్పగించాలి. పెట్టెలను నేలకు ఆనించకుండా, పొడి గదిలో, మూసి ఉంచడమే ముందుజాగ్రత్త.

తక్కువ ఎత్తులో పేలితే

సాధారణంగా షెల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి సుమారు 100 అడుగుల ఎత్తు లెక్కిస్తారు. మూడంగుళాల షెల్ దాదాపు 300 అడుగుల దాకా వెళ్లాలి. గొట్టం షెల్ కంటే బాగా వదులుగా ఉంటే వాయువు పక్కల నుంచి తప్పించుకుని తోపు తగ్గుతుంది. గొట్టం ఒరిగితే షెల్ జనం వైపే వెళ్తుంది. ఆర్కే బీచ్ లాంటి ఇసుకలో ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ప్రతి తోపుకూ వచ్చే ఎదురుదెబ్బకు ఇసుక జారుతుంది; చెక్క పలకల మీద నిలిపి చుట్టూ ఇసుక బస్తాలు బిగించాలి. అమెరికా ప్రమాణం షెల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి 70 అడుగుల చొప్పున జనాన్ని దూరంగా ఉంచమంటుంది.

పైకి వెళ్లి పేలకుండా పడిపోతే

ఆలస్యపు ఒత్తి అంటుకోలేదు, లేదా లోపలి మందును చేరకముందే ఆరిపోయిందన్నమాట. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఆ షెల్ ఇసుకలో ఎక్కడో పడి ఉంటుంది, తెల్లవారాక పిల్లలు దాన్ని ఆటవస్తువు అనుకుంటారు. ప్రదర్శన ముగిశాక ఒకసారి, తెల్లవారాక వెలుతురులో మరోసారి తీరమంతా వెతకాలి. కనిపిస్తే తాకకుండా కాపలా పెట్టి పోలీసులకు చెప్పాలి.

ఆకారం, రంగు బాగాలేవనిపిస్తే

షెల్ శిఖరానికి చేరకముందే పేలినా, దిగుతూ పేలినా పువ్వు ఒక పక్కకు సాగుతుంది. ఇది ఒత్తి వ్యవధి లోపం. అయితే విల్లో రకం గుళికలు నిదానంగా కాలుతూ బంగారు పాయలుగా కిందికి వాలడం స్వభావమే. చామంతి రకం గుళికల వెనుక మెరుపు తోకలు వదులుతుంది, పియోనీ రకం వదలదు. నీలం పాలిపోవడానికి తయారీదారుని నిందించనక్కర్లేదు. రాగి ఇచ్చే ఆ రంగు వేడి కొంచెం ఎక్కువైనా చెదిరిపోతుంది. ముదురు ఆకుపచ్చ కోసం మాత్రం పట్టుబట్టకండి: అది బేరియం లవణాలది, వాటిని బాణసంచాలో వాడడాన్ని సుప్రీంకోర్టు 2018లో నిషేధించింది.