గ్రీన్‌హౌస్ పామ్ మొక్కను ఎండలోకి తెచ్చే ముందు

గ్రీన్‌హౌస్‌లో పెరిగిన పామ్ మొక్కను తెచ్చిన రోజే చాలామంది దాన్ని తీసుకెళ్లి నడినెత్తి ఎండలో పెట్టేస్తారు. తాటి జాతే కదా, ఎండకేం భయం అనుకుంటారు. నాలుగు రోజులు తిరిగేసరికి పైకి తిరిగి ఉన్న ఆకులు వెలిసిపోతాయి. ఇంకో వారానికి ఆ మచ్చలు ఎండుగడ్డి రంగుకు మాడతాయి. మాడిన చోటు మళ్లీ పచ్చబడదు. కొమ్మలేసే మొక్కయితే కొత్త చిగుళ్లు తొడిగి త్వరగానే కోలుకుంటుంది. పామ్‌కి ఆ వీలు లేదు. ఒక కాండానికి ఒకటే మొవ్వు, అందులోంచి ఒకదాని వెనుక ఒకటిగా మట్టలు రావాలి. నిదానంగా పెరిగే జాతులు ఏడాదికి మూడో నాలుగో వేస్తాయి. అలాంటి మొక్కకు నాలుగు మట్టలు మాడితే ఏడాది పెరుగుదల పోయినట్టే.

నీడలో తయారైన ఆకు పల్చగా, వెడల్పుగా ఉంటుంది. దానిమీద మైనపు పొర తక్కువ. కొద్దిపాటి వెలుతురును కూడా వదలకుండా పట్టుకునేలా ఉంటుంది దాని నిర్మాణం. ఎండలోకి వచ్చాక అదే దానికి చేటవుతుంది. వాడుకోగలిగినదానికంటే ఎక్కువ వెలుతురు లోపలికి చేరి ఆకులోని పచ్చదనాన్నే పాడుచేస్తుంది. తేడా ఎంతో అంకెల్లో చూడండి. మబ్బులేని మధ్యాహ్నం ఎండ సుమారు 1,00,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. 70 శాతం షేడ్‌నెట్, అంటే వెలుతురులో 70 శాతాన్ని ఆపే నీడవల కింద అది 30,000కి తగ్గుతుంది. దీనికి తోడు అతినీలలోహిత కిరణాలను పాలీకార్బొనేట్ పైకప్పు దాదాపు పూర్తిగా, గాజు కొంతవరకు ఆపేస్తాయి. అంటే ఆ మొక్క అసలైన ఎండను ఒక్కరోజు కూడా చూసి ఉండదు.

ముదిరిన ఆకు కొంత సర్దుకుంటుంది గానీ, నీడ ఆకు పూర్తిగా ఎండ ఆకుగా మారదు. బయటి వెలుతురులో మొవ్వులోంచి వచ్చి విచ్చుకునే ఆకు మాత్రమే ఎండకు సరిపోయే ఆకు. బయటికి తెచ్చాక మొదట విచ్చుకునేది కూడా చాలావరకు గ్రీన్‌హౌస్‌లో ఉండగానే లోపల రూపు దిద్దుకున్నదే. అందుకే రోజులు లెక్కపెట్టకుండా ఆకులు లెక్కపెట్టమంటాను. రెండో కొత్త ఆకు విచ్చుకునేదాకా పూర్తి ఎండ మాట తలపెట్టకండి. త్వరగా పెరిగే జాతులకు ఇది రెండు మూడు నెలల పని. నిదానమైన వాటికి ఆరు నెలలు దాటొచ్చు.

మొక్కను కదిపేముందు అది ఏ జాతో తెలుసుకోండి. రాపిస్, చామేడోరియా లాంటివి అడవిలో పెద్దచెట్ల నీడన బతికేవి. వాటికి మధ్యాహ్నపు ఎండ ఎప్పటికీ అక్కర్లేదు, పొద్దుటి నీరెండతో ఆపేయండి. కొబ్బరి, ఖర్జూరం, వాషింగ్టోనియా, బిస్మార్కియా, ఫాక్స్‌టెయిల్ పూర్తి ఎండ కోరతాయి. అరెకా పామ్ ఎండకు తట్టుకుంటుంది కానీ నీడలో ఉన్నంత ముదురు పచ్చగా ఉండదు, కాస్త పసుపు తిరుగుతుంది. దాన్ని జబ్బనుకుని కంగారుపడొద్దు. కెంటియా లేతగా ఉన్నప్పుడు నీడే కోరుతుంది.

ఇక అలవాటు చేసే పద్ధతి. మొదటి రెండు వారాలు వెలుతురు బాగా ఉండి ఎండ నేరుగా పడని చోట ఉంచండి. చెట్టు నీడ కంటే షేడ్‌నెట్ నయం. చెట్టు నీడ గంటగంటకూ జరుగుతుంది, ఆకుల సందులోంచి మధ్యాహ్నపు ఎండ సూటిగా ఒకే చోట పడుతుంది. తర్వాత పొద్దుటి ఎండ అరగంటతో మొదలుపెట్టి, మూడు రోజులకోసారి మరో అరగంట పెంచండి. 11 నుంచి 3 గంటల మధ్య ఎండను అన్నిటికంటే చివరికి ఉంచుకోండి. కుండీని రోజూ మోయడం కుదరకపోతే 75 శాతం నెట్‌తో మొదలుపెట్టి, మూడు వారాలకోసారి 50కి, ఆ తర్వాత 30కి తగ్గించుకుంటూ రావచ్చు. నాకైతే ఇదే నచ్చింది. బరువైన కుండీని జరపడంలో మట్టలు విరిగే ప్రమాదం కూడా తప్పుతుంది.

మబ్బుల దగ్గర జాగ్రత్త. ముసురు పట్టినప్పుడు మొక్కను బయట పెడితే ఏమీ కాదు, నిజమే. కానీ పదిరోజుల మబ్బు దానికి ఎండ నేర్పదు. నేను ఒకసారి అలా వారం పైగా బయట ఉంచి, అలవాటు పడిందని నమ్మి నెట్ తీసేశాను. పదకొండో రోజు ఆకాశం తేటపడింది. ఆ ఒక్క మధ్యాహ్నంలో మూడు మట్టలు తెల్లబడ్డాయి. అప్పటినుంచి ఎండ కాసిన రోజులనే లెక్కలోకి తీసుకుంటున్నాను.

మొక్కను తెచ్చినప్పుడు వెలుతురు వైపు ఏ ముఖం ఉందో గుర్తుపెట్టుకుని, బయట కూడా అటే తిప్పి ఉంచండి. ఇన్నాళ్లూ నీడలో ఉన్న ఆకు అడుగుభాగం హఠాత్తుగా ఎండకు తిరిగితే ముందు అదే మాడుతుంది. రవాణా కోసం మట్టలన్నీ కట్టకట్టి ఉంటే, తాడు విప్పడం కూడా నీడలోనే జరగాలి.

ఎండ తర్వాత పెద్ద శత్రువు వేడెక్కిన కుండీ. నల్లటి ప్లాస్టిక్ కుండీ పక్కకు ఎండ తగిలితే లోపలి మట్టి గాలికంటే బాగా ఎక్కువ కాగుతుంది, ఆ అంచునే ఉన్న వేళ్లు ఉడికిపోతాయి. పైన ఆకు వాడితే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తాం, చచ్చిన వేళ్లు ఆ తడిలో కుళ్లుతాయి. కుండీ చుట్టూ తెల్లటి గుడ్డ చుట్టండి, లేదా ఇంకాస్త పెద్ద కుండీలో దింపి మధ్యలో కొబ్బరిపీచు కూరండి. తెల్లగోడ పక్కన, సిమెంటు నేల మీద నేరుగా పెట్టొద్దు. రెండో వైపునుంచి కూడా వేడి కొడుతుంది.

గాలి సంగతీ చూసుకోవాలి. లోపలి గాలిలో తేమ ఎక్కువ, బయట పొడిగాలి ఆకులోని నీటిని లాగేస్తుంది. గాలి సూటిగా తగిలే చోటు మొదట్లో వద్దు.

నీళ్లు పొద్దున్నే, అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయండి. రెండంగుళాల లోతున తడి తగ్గాకే మళ్లీ పోయండి. రోజూ మొవ్వులో నీళ్లు నిలిచేలా పైనుంచి కొట్టకండి, మొవ్వు కుళ్లు పడితే మొక్క దక్కడం కష్టం. ఈ సమయంలో కుండీ మార్చొద్దు. వేళ్లు దెబ్బతిన్న మొక్క ఎండకు కావలసినంత నీరు తోడుకోలేదు. ఎరువు కూడా కొత్త ఆకు కదలిక కనబడేదాకా ఆపండి.

ఆ కదలిక చూడటానికి తేలికైన పద్ధతి ఒకటుంది. ఇంకా విచ్చుకోని మొవ్వు ఆకు మీద, దాన్ని ఆనుకున్న మట్ట తొడిమ మీద ఒకే ఎత్తులో మార్కర్ పెన్‌తో గీత గీయండి. వారానికోసారి చూడండి. రెండు గీతల మధ్య దూరం పెరుగుతుంటే మొక్క సర్దుకుంటున్నట్టు, ఎండ పెంచవచ్చు. గీతలు కదలకపోతే ఉన్నచోటే ఉంచండి. మొవ్వు ఆకు మెల్లగా లాగితేనే ఊడి వచ్చిందా, లోపల కుళ్లు మొదలైనట్టే. వెంటనే నీడకు మార్చి, పైనుంచి నీళ్లు ఆపేసి, మొవ్వును ఆరనివ్వాలి.

ఇంత చేసినా కొన్ని మచ్చలు వస్తాయి. అవి ఎండదెబ్బేనా అని అనుమానమైతే ఎక్కడ వచ్చాయో చూడండి. ఎండదెబ్బ ఆకాశానికి తిరిగిన భాగం మీదే పడుతుంది, పక్క ఆకు నీడ పడినంత మేర పచ్చగానే ఉంటుంది. పొటాషియం, మెగ్నీషియం లోపాలు ముసలి ఆకుల్లో, అడుగునుంచి మొదలవుతాయి. మాడిన మట్టను చూడటానికి బాగోలేదని కోసేయకండి. అందులో మిగిలిన పచ్చదనం మొక్కకు తిండి చేస్తూనే ఉంటుంది, పాత ఆకులోంచి పొటాషియం కొత్త ఆకుకు అందుతుంది. పైగా అది కింది ఆకులకు కొంత నీడ ఇస్తుంది. పూర్తిగా ఎండాకే తీయండి.

రెండో కొత్త ఆకు విచ్చుకుని, పాతవాటికంటే మందంగా, బిరుసుగా చేతికి తగిలినప్పుడు చివరి నెట్ తీసేయవచ్చు. అదీ సాయంత్రం పూట తీయండి. మండువేసవి నడుస్తుంటే మాత్రం వేడి తగ్గేదాకా ఆగండి.