120 ఫిల్మ్ (మీడియం ఫార్మాట్ కెమెరాల్లో వాడే రోల్ ఫిల్మ్) ఏది కొనాలి?

ముందు మీ కెమెరా లెక్క చూసుకోండి. ఫ్రేమ్ సైజు 6x6 సెంటీమీటర్లైతే రోల్‌కి 12 ఫొటోలు, 6x7 అయితే 10 మాత్రమే వస్తాయి, కాబట్టి కనిపించిన ప్రతి ఫిల్మూ కొనేయకుండా ఏ వెలుతురులో, ఏం తీస్తారో ముందే అనుకుని కొంటే డబ్బులు వృథా కావు.

మనుషుల్ని తీయాలంటే నా ఓటు కొడాక్ పోర్ట్రా 400కే (ఈ అంకె ISO, అంటే ఫిల్మ్ వెలుతురుకి ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పేది). చర్మం రంగు చాలా మెత్తగా వస్తుంది, పైగా ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు పడినా ఏమీ కాదు. నేనైతే వెలుతురు కొలిచే మీటర్‌ని 200 దగ్గర పెట్టి, కావాలనే ఒక స్టాప్ ఎక్కువ వెలుతురుతో తీస్తాను, ఎందుకంటే ఇలాంటి కలర్ నెగెటివ్ ఫిల్మ్‌కి వెలుతురు తక్కువైతేనే నీడలు బురదగా మారతాయి. అంత ఖర్చు వద్దనుకుంటే కొడాక్‌దే గోల్డ్ 200 ఉంది, 2022 నుంచి 120లోనూ దొరుకుతోంది, ఎండలో వెచ్చటి రంగులిస్తుంది.

ప్రకృతి దృశ్యాలకి కొడాక్ ఎక్టార్ 100. గ్రెయిన్ (ఫొటోలో కనిపించే రేణువులు) చాలా సన్నం, రంగులు గాఢం, కానీ ముఖాలు కాస్త ఎర్రబడతాయి.

ఫ్యూజీ వెల్వియా 50 లాంటి స్లైడ్ ఫిల్మ్ (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగులతో వచ్చేది) మొదటి రోల్‌గా వద్దు. అర స్టాప్ తేడా వచ్చినా తెలిసిపోతుంది, 50 కాబట్టి వెలుతురు ఎక్కువసేపు పడాలి, అందుకే ట్రైపాడ్ కూడా కావాలి.

బ్లాక్ అండ్ వైట్‌లో ఇల్ఫర్డ్ హెచ్‌పీ5తో మొదలుపెట్టండి, 1600కి పుష్ చేసినా (1600 ఫిల్మ్ అనుకుని తీసి, ఎక్కువసేపు కడిగినా) తట్టుకుంటుంది, ఇంట్లోనే కడుక్కోవచ్చు.

ఏదైనా సరే, రోల్ నీడలోనే మార్చండి, తీశాక రోల్ విప్పుకోకుండా చివరనున్న కాగితం పట్టీ గట్టిగా అంటించండి. వదులుగా చుట్టుకున్న ఒక రోల్ అంచుల్లో వెలుతురు దూరి నా ఫొటోలు సగం పోయాయి.