పక్క తెరిచిన ఓడ: ‘ట్రింకోమలీ’ టేకు నమూనాను ఇంట్లో కట్టడం ఎలా

ఓడ నమూనాలు కట్టేవారిలో ఎక్కువమంది తెరచాపలు, తాళ్ల మీదే మోజు పడతారు. పూర్తయ్యాక నమూనా అద్దాల బీరువాలో అందంగానే ఉంటుంది కానీ, ఆ ఓడలో సుమారు 300 మంది ఎక్కడ పడుకున్నారో, ఏం తిన్నారో చెప్పదు. అందుకని ఇక్కడ వివరించే పద్ధతిలో ‘ట్రింకోమలీ’ అనే పాత యుద్ధనౌక ఎడమ పక్కను, తెరచాపలు కట్టే ముందు కొయ్య నుంచి నడి కొయ్య దాకా, పలకలు కప్పకుండా వదిలేస్తాం. సముద్రపు గాలి సోకని హైదరాబాదులో కూర్చుని కట్టడానికి కావలసిన సామగ్రి అంతా ఊళ్లోనే దొరుకుతుంది. సాయంత్రాలు మాత్రమే కేటాయించగలిగినవారు దీన్ని ఏడాది పని అనుకుని మొదలుపెట్టడం మంచిది.

ట్రింకోమలీని ఎంచుకోవడానికి కారణం అది మన దేశంలో పుట్టిన ఓడ కావడమే. సూరత్ నుంచి 1736లో బొంబాయికి వచ్చిన లవ్‌జీ నుస్సర్వాన్‌జీ వాడియా వంశీకులు తరతరాలుగా అక్కడి రేవులో ఓడలు కట్టారు. ఆ వంశానికి చెందిన జంషెడ్జీ బొమన్‌జీ వాడియా ఆధ్వర్యంలో మలబారు టేకుతో ఈ ఫ్రిగేటు (వేగంగా సాగే మధ్యతరహా యుద్ధనౌక) తయారై, 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దిగింది. నక్షా మాత్రం ఫ్రెంచివారి బుర్రలో పుట్టింది. 1782లో బ్రిటిష్‌వారు పట్టుకున్న ‘ఎబే’ అనే ఫ్రెంచి ఫ్రిగేటు కొలతలు తీసుకుని, ‘లీడా’ తరగతి పేరుతో వరసగా ఓడలు కట్టారు. ఈ ఓడ కోసం బొంబాయికి బయల్దేరిన మొదటి నక్షాలు ‘జావా’ అనే యుద్ధనౌకలో ఉండగా, 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరాన అమెరికా నౌక ‘కాన్‌స్టిట్యూషన్’ దాన్ని ఓడించడంతో అవి చేరలేదు. మళ్లీ పంపాల్సి వచ్చింది. ఇంత శ్రమపడి కట్టిన ఓడ 1819లో పోర్ట్స్‌మత్ చేరేసరికి నెపోలియన్‌తో యుద్ధాలు ముగిసిపోయాయి. దాంతో పాతికేళ్లకు పైగా అది లంగరు వేసుకుని కూర్చుంది. అసలు కొలువు 1847లో మొదలై, అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాల మీదుగా 1857 దాకా సాగింది. ఆ తర్వాత శిక్షణ నౌకగా ‘ఫూద్రొయాంట్’ అన్న మారుపేరుతో చాలా కాలం గడిపి, ఇప్పుడు ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ మ్యూజియంలో సొంత పేరుతో నీళ్లలోనే తేలుతోంది.

ముందుగా కొలత. 1:96 నిష్పత్తి తీసుకుంటే ఎనిమిది అడుగులు ఒక అంగుళమవుతుంది. మన వడ్రంగులకు ఇంతకంటే సులువైన లెక్క లేదు. ఫిరంగుల అంతస్తు పొడవు 150 అడుగుల పైచిలుకు కాబట్టి నమూనాలో సుమారు 48 సెంటీమీటర్లు, 40 అడుగుల వెడల్పు అయిదు అంగుళాలు. అయిదున్నర అడుగుల మనిషి 17 మిల్లీమీటర్లకు కొద్దిగా ఎక్కువ ఉంటాడు. గ్రీనిచ్‌లోని నేషనల్ మ్యారిటైమ్ మ్యూజియంలో బ్రిటిష్ నౌకాదళపు పాత నక్షాలు భద్రంగా ఉన్నాయి. లీడా తరగతి నక్షా ప్రతిని సంపాదించి, దాన్నే ఆధారం చేసుకోండి. ప్రింటు తీయించేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. నక్షా మీద వంద అడుగులకు సమానమైన 12.5 అంగుళాల గీత ముందే గీసి ఉంచి, ప్రింటు చేతికి రాగానే స్కేలుతో కొలవాలి. నేను కొలవలేదు. దుకాణంలో కాగితానికి సరిపడేలా కుదించి తీసిన ప్రింటుతో పదహారు పక్కటెముకలు (పలకలు బిగించే అడ్డు చట్రాలు) కోసుకున్నాక, పక్కనుంచి గీసిన నక్షాకూ వాటికీ పొంతన లేదని తెలిసి, ప్లైవుడ్ మొత్తం పారేశాను.

పక్కటెముకలకు ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడండి. మామూలు నమూనాల్లో ఇవి నిండు పలకలుగా ఉంటాయి. మన ఓడకు లోపల గదులు కావాలి కనుక తెరిచి ఉంచే భాగంలో వీటిని యూ ఆకారంలో తొలిచేయాలి. అలా తొలిచినచోట ఓడ అడుగున పొడవునా ఉండే వెన్నుదూలం బలహీనపడి, ఓడ నడుమ పైకి లేచి రెండు చివరలు కిందికి జారతాయి. అసలు ఓడలను కూడా జీవితకాలం పీడించిన జబ్బు ఇదే. వెన్నుదూలానికి రెండు పక్కలా టేకు బద్దలు అతికించి, పలకలు వేయడం పూర్తయ్యేదాకా దాన్ని చదునైన బల్లకు స్క్రూలతో బిగించి ఉంచడం దీనికి మందు. కావలసిన బిగింపు పనిముట్లు, సన్నని రంపాలు రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి.

పలకలకు టేకే వాడమని నా సలహా. ఫర్నిచర్ కార్ఖానాల్లో మిగిలిన ముక్కలు గానీ, కూల్చిన పాత ఇళ్ల తలుపు చట్రాలు గానీ తెచ్చి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు బద్దలుగా కోయించండి. ఎండి గట్టిపడిన పాత టేకు కొత్తదానికంటే మేలు. ఇంగ్లండులో ఓడలు కట్టిన ఓక్ చెక్కలోని ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది. టేకులోని నూనె వాటిని కాపాడుతుంది. ట్రింకోమలీ రెండు శతాబ్దాలు దాటి నిలవడంలో ఆ నూనెకు పెద్ద పాత్ర ఉంది. అయితే ఇనుమును కాపాడిన ఆ నూనే మన జిగురుకు శత్రువు. కాబట్టి అతికించే ప్రతి బద్దనూ థిన్నర్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆరిన వెంటనే ఫెవికాల్ రాయాలి. వంపు తిరిగే ముందు భాగానికి బద్దలను అరగంట వేడినీళ్లలో నానబెట్టి, స్టీలు చెంబు చుట్టూ గుడ్డతో కట్టి రాత్రంతా వదిలేస్తే చీలకుండా వంగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పలకలు బిగించకండి. ఎండలో కుదించుకుపోయిన చెక్కను సందు లేకుండా అతికిస్తే, వానలు పడగానే ఉబ్బి అతుకుల దగ్గర పైకి లేస్తుంది.

ఓడ అడుగుభాగానికి రాగి తొడుగు వేయాలి. సముద్రపు పురుగులు చెక్కను తొలిచేయకుండా బ్రిటిష్ నౌకాదళం 1780 ప్రాంతం నుంచి ఓడలన్నిటికీ రాగిరేకులు కొట్టించింది. ఒక్కో రేకు నాలుగు అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. మన నిష్పత్తిలో ఇది 12.7 మిల్లీమీటర్లు, 3.7 మిల్లీమీటర్లు. కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగి జిగురున్న రాగి టేపు తెచ్చి, ఈ కొలతకు ముక్కలు కోసి, వెనక నుంచి ముందుకు, కింది నుంచి పైకి అతికించుకుంటూ రండి. విసుగు పుట్టించే పనే. రోజుకు రెండు వరసలు చాలు.

ఇక లోపలి భాగం. నా దృష్టిలో ఓడంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఫ్రిగేటులో ఫిరంగులు పై అంతస్తులో, పక్కకు పద్నాలుగు చొప్పున, 18 పౌండ్ల గుండు వేసేవి ఉండేవి. ఒక్కో ఫిరంగి గొట్టం బరువు రెండు టన్నుల దరిదాపు. దాన్ని నడపడానికి తొమ్మిది పది మంది కావాలి. గొట్టాలను చీకుల పుల్లల నుంచి చెక్కి నల్లరంగు వేయండి. సిబ్బంది పడక, భోజనం మాత్రం దాని కింది అంతస్తులో, వెలుతురూ గాలీ సరిగా సోకని చోట. దూలాలకు వేలాడే గుడ్డ ఊయలే నావికుడికి మంచం. ఒక్కొక్కరికి కేటాయించిన వెడల్పు 14 అంగుళాలు, అంటే ఇందాక కోసిన రాగిరేకు వెడల్పే. అదే కొలతకు, 19 మిల్లీమీటర్ల పొడవున పాత నూలు గుడ్డ ముక్కలు కోసి, రెండు చివరలా దారం కట్టి, దూలాల మధ్య పక్కపక్కనే వేలాడదీయండి. పది కట్టేసరికి వేలు దూర్చడానికి సందు ఉండదు. అప్పుడు ఒకటి విడిచి ఒకటి ఖాళీగా వదలండి. సముద్రం మీద సిబ్బందిలో సగం మంది నాలుగు గంటల కాపలాలో పైన ఉంటారు కనుక, పడుకున్నవాడికి పక్కవాడి చోటు కూడా దక్కుతుంది. కాపలాలు రోజూ ఒకే వేళకు రాకుండా సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న సమయాన్ని రెండేసి గంటలుగా చీల్చేవారు. ఇసుక గడియారం చూసి అరగంటకోసారి గంట కొట్టేవారు.

ఊయలల పక్కన ఖాళీలో ఒక భోజనబల్ల వేలాడదీసి, ఆరెనిమిది మంది మనుషుల బొమ్మలు కూర్చోబెట్టండి. ఓడ అడుగున అరలో నిండా పీపాలు పేర్చండి: ఉప్పు వేసిన పశుమాంసం, పంది మాంసం, నీళ్లు. నెపోలియన్ యుద్ధకాలపు లెక్క ప్రకారం ఒక్కొక్కరికి రోజుకు ఒక పౌండు గట్టి బిస్కట్టు. మాంసం వారంలో నాలుగు రోజులే. సోమ, బుధ, శుక్రవారాల్లో బఠాణీలు, ఓట్ల జావ, వెన్న, జున్నుతో సరిపెట్టేవారు. మాంసం ముట్టని మన బనియా వర్తకుల పేరు మీద ఆ రోజులను నావికులు ‘బనియా దినాలు’ అనేవారు! చిగుళ్లు కుళ్లే స్కర్వీ రాకుండా 1795 నుంచి నిమ్మరసం కూడా కొలిచి పోశారు.

తాళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అన్ని నమూనా పుస్తకాల్లోనూ ఉంటుంది. కొయ్యలను నిలబెట్టే తాళ్లకు తారు పూసేవారు కనుక అవి నల్లగా ఉండాలి. తెరచాపలను లాగే తాళ్లు గోధుమ రంగులో ఉండాలి. బేగంబజార్ నుంచి తెచ్చిన నూలుదారాన్ని చిక్కటి టీ డికాషన్‌లో నానబెడితే ఆ రంగు కచ్చితంగా వస్తుంది. ఆరాక తేనెమైనం మీద ఒకసారి లాగితే నూగు అణుగుతుంది. తెరచాపలు చుట్టి కట్టేయండి. విప్పి ఉంచితే లోపలి అంతస్తు మీద నీడ పడుతుంది.

చివరికి నమూనాను తెరిచిన పక్క కిటికీ వైపు ఉండేలా పెట్టి, ముందు కొమ్ము దగ్గర, గాలికీ అలలకూ ఎదురుగా, రంధ్రాలున్న రెండు చిన్న చెక్కపీటలు అతికించడం మరచిపోవద్దు. చూడటానికి వచ్చిన పిల్లలు ఊయలలు లెక్కపెట్టాక తప్పకుండా అడిగే ప్రశ్న మరుగుదొడ్డి ఎక్కడ అనేదే, సిబ్బందికి ఉన్నవి ఆ పీటలే.