బోరు నీళ్ల ఇంట్లో వాషింగ్ మెషిన్

శ్రీకాకుళంలో మెషిన్ కొనేవాళ్లు షోరూముకు వెళ్లే ముందు ఒకసారి మేడ ఎక్కాలి. ట్యాంకు అడుగు నుంచి మెషిన్ కుళాయి దాకా ఎత్తు కొలవండి. 3 మీటర్లుంటే వచ్చే ఒత్తిడి సుమారు 0.3 బార్. అంతకన్నా తగ్గితే చాలా ఆటోమేటిక్ మెషిన్లు నీళ్లు నిండక మధ్యలో ఆగిపోతాయి. అలాంటి ఇంటికి బకెట్‌తో పోసుకునే సెమీ ఆటోమేటిక్కే నయం.

నీళ్లు సన్నగా వస్తుంటే వెంటనే మెకానిక్కును పిలవకండి. ప్లగ్గు తీసి, కుళాయి కట్టేసి, వెనక ఇన్‌లెట్ పైపు విప్పండి. లోపల గోరంత జాలీ ఉంటుంది. కటింగ్ ప్లేయరుతో మెల్లగా లాగితే ఎర్రటి ఇసుక, తెల్లటి పెచ్చులు బయటపడతాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మళ్లీ పెట్టండి. జాలీ లేకుండా మాత్రం నడపొద్దు. ఇసుక వాల్వులో ఇరుక్కుంటే మెషిన్ ఆపినా లోపలికి నీళ్లు కారుతూనే ఉంటాయి.

హీటరున్న ఫ్రంట్ లోడ్ (ముందు తలుపుండే) మెషిన్‌కు బోరు నీళ్ల సున్నం పట్టడం ఎక్కువ. రెండు నెలలకోసారి డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి, బట్టలు లేకుండా 60 డిగ్రీల వేడిలో తిప్పండి. అందులో బ్లీచింగ్ కలిపితే విషవాయువు వస్తుంది, జాగ్రత్త.

కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి ఇనప స్టాండు తొందరగా తుప్పు పడుతుంది. ప్లాస్టిక్‌ది తీసుకోండి.