పాత ప్లాస్టిక్ మోడల్ కారును విప్పే ముందు జాగ్రత్తలు

అసిటోన్, లక్కర్ థిన్నర్‌లతో పాత రంగును తీయకూడదు. విడిభాగాలను అతికించి తయారుచేసే ఈ మోడల్ కిట్లు ఎక్కువగా పాలీస్టైరీన్‌తో తయారవుతాయి కనుక, రంగుతోపాటు ప్లాస్టిక్ కూడా కరిగి, తలుపుల గీతల వంటి సన్నని వివరాలు శాశ్వతంగా చెరిగిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సాధారణంగా సురక్షితమే అయినా, దానినీ ముందుగా లోపలి వైపు, పైకి కనబడని చోట పరీక్షించాలి.

అద్దాలను, క్రోమ్ పూత ఉన్న భాగాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టకూడదు. అద్దం మసకబారవచ్చు, పూత లేచిపోవచ్చు.

అతుకులను లాగే ముందు ఏ జిగురు వాడారో గుర్తించాలి. సూపర్ గ్లూ చలికి పెళుసుబారుతుంది కనుక, కొన్ని గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే ఆ అతుకు తరచుగా తేలికగా విడిపోతుంది. ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు మాత్రం రెండు భాగాలనూ కరిగించి ఒకటిగా కలిపేస్తుంది కాబట్టి, అక్కడ సన్నని రంపంతో ఓపికగా కోయడమే మేలు. ముందు అద్దానికి ఇరువైపులా ఉండే స్తంభాలు చాలా బలహీనమైనవి, వాటిని పట్టుకుని బలం ప్రయోగించకూడదు.

కారుపై అంటించిన స్టిక్కర్లను (డెకాల్స్) తొలగించే ముందు కొలతలతో సహా ఫొటోలు తీసుకోవాలి, ఎందుకంటే అవి చెక్కుచెదరకుండా ఊడిరావడం అరుదు.

వినైల్ టైర్లను విడిగా దాచాలి. వాటిని మెత్తగా ఉంచే రసాయనం తగిలిన చోట పాలీస్టైరీన్‌ను నెమ్మదిగా కరిగిస్తుంది.