సూపర్‌చార్జర్ ట్రక్కు ట్యూనింగ్ – 4వ భాగం: తగ్గిన టైమింగ్‌కు కారణం వెతకడం

గత భాగంలో ఇంధన మిశ్రమాన్ని సరిచేసుకొని, డైనో (బండిని నిలిపి ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద పూర్తి థ్రాటిల్‌తో ఒక పరుగు తీసి, ఇంజిన్ కంప్యూటర్ అంకెలను లాగ్‌గా నమోదు చేసుకున్నాం. మన నమూనా బండి అదే: 9.5:1 కంప్రెషన్ ఉన్న 5.3 లీటర్ల ఎల్ఎం7 వీ8 ఇంజిన్‌తో నడిచే షెవ్రొలే సిల్వరాడో, దానిపై ఇంటర్‌కూలర్‌తో (నొక్కిన గాలిని చల్లబరిచే పరికరం) కూడిన రూట్స్ తరహా సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పంపు), 6 పీఎస్ఐ బూస్ట్ (అది ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి), ట్యాంకులో అమెరికాలో దొరికే 93 ఆక్టేన్ పెట్రోలు. స్పార్క్ టేబుల్‌లో, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందుగా స్పార్క్ రావాలో (టైమింగ్) చెప్పే పట్టికలో, మనం 17 డిగ్రీలు రాసుకున్నాం, కానీ లాగ్‌లో 3,200 ఆర్‌పీఎం దగ్గర 12 మాత్రమే కనిపిస్తోంది. ఆ 5 డిగ్రీలను ఇంజిన్ కంప్యూటర్‌లోని ఏ భాగం తీసేసిందో తేలేవరకు టేబుల్‌లో ఒక్క అంకెను కూడా మార్చకూడదు. కారణం తెలియకుండా మారిస్తే అసలు లోపం అలాగే ఉండిపోయి, వేడెక్కిన రోజున పిస్టన్‌ను దెబ్బతీస్తుంది.

మొదట, ఇంజిన్ టేబుల్‌లోని ఏ గడిలో నడుస్తోందో చూడండి. ఈ టేబుల్‌కు ఒక వైపు ఆర్‌పీఎం, రెండో వైపు సిలిండరుకు చేరే గాలి బరువు గ్రాముల్లో ఉంటాయి. ఒక్కో సిలిండరు పరిమాణం సుమారు 0.66 లీటరు కాబట్టి, బూస్ట్ లేకుండా పూర్తిగా నిండినా అందులో పట్టే గాలి దాదాపు 0.8 గ్రాములే, 6 పీఎస్ఐ బూస్ట్‌తో అది 1 గ్రాము దాటుతుంది. అంటే సూపర్‌చార్జర్ లేనప్పుడు ఇంజిన్ ఎన్నడూ చేరని గడుల్లో మనం ఇప్పుడు నడుస్తున్నాం. ఆ గడులన్నింటినీ మనమే నింపామా, ఏదైనా పాత అంకెతో మిగిలిపోయిందా అన్నది నిదానంగా సరిచూసుకోవాలి.

తరువాత ఉష్ణోగ్రత. నన్నడిగితే, అందరూ తేలిగ్గా దాటేసేది దీన్నే. ఈ ట్రక్కుల్లో గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ దగ్గర, లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ లోపలే ఉంటుంది. సూపర్‌చార్జర్ గాలిని నొక్కి వేడెక్కించేది ఆ తరువాతే. సెన్సర్‌ను మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకు గాలిని పంచే భాగం) మార్చకుండా వదిలేస్తే, సిలిండర్లలోకి 80 డిగ్రీల సెల్సియస్ గాలి వెళుతున్నా కంప్యూటర్‌కు 35 అనే తెలుస్తుంది, వేడిని బట్టి టైమింగ్ తగ్గించే పట్టిక పనిచేయనే పనిచేయదు. సెన్సర్ సరైన చోటే ఉంటే, వెంటవెంటనే మూడు పరుగులు తీసి పోల్చండి. మొదటిది శుభ్రంగా ఉండి మూడోదానిలో టైమింగ్ పడిపోతే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇంటర్‌కూలర్ నీటి ట్యాంకు మూత తీసి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి లోపలికి చూడండి. నీరు కదలకపోతే పంపు తిరగడం లేదన్నమాట. అప్పుడు టేబుల్‌లో వెతకవలసినదేమీ లేదు.

ఇప్పుడు లాగ్‌లో నాక్ రిటార్డ్ గీతను చూద్దాం. నాక్ అంటే సిలిండర్‌లో మిశ్రమం తనంతట తాను అంటుకొని కొట్టుకోవడం; దాన్ని సెన్సర్‌తో విని కంప్యూటర్ తగ్గించే టైమింగే రిటార్డ్. అది సున్నా దగ్గరే ఉండి కూడా టైమింగ్ తక్కువగా ఉంటే, పదే పదే నాక్ విన్న కంప్యూటర్ హై ఆక్టేన్ టేబుల్ నుంచి, టైమింగ్ తక్కువగా ఉండే లో ఆక్టేన్ టేబుల్ వైపు జరిగిపోయి ఉండవచ్చు. థ్రాటిల్ ఒక్కసారిగా తొక్కిన క్షణంలో, బూస్ట్ ఇంకా పెరగకముందే రిటార్డ్ కనిపిస్తే, అది సెన్సర్ విన్నది కాకపోవచ్చు; ముందుజాగ్రత్తగా కంప్యూటర్ తగ్గించే బర్స్ట్ నాక్ కావచ్చు. పెడల్‌ను నెమ్మదిగా తొక్కి మళ్ళీ చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

బూస్ట్‌తో పాటే రిటార్డ్ పెరుగుతుంటే, అది నిజమైన నాకా, ఏదో లోహం కొట్టుకునే చప్పుడా అని తేల్చాలి. ఆ గడుల్లో 4 డిగ్రీలు తాత్కాలికంగా తగ్గించి ఒక పరుగు, టైమింగ్ తిరిగి పెట్టి 100 ఆక్టేన్ అన్‌లెడెడ్ రేస్ పెట్రోలుతో మరొక పరుగు తీయండి. ఈ రెండింటిలోనూ రిటార్డ్ మాయమైతే నాక్ నిజమే. రెండింటిలోనూ కదలకుండా అలాగే ఉంటే, ఛాసిస్‌కు తగులుతున్న ఎగ్జాస్ట్ గొట్టాన్ని, వదులైన హీట్ షీల్డ్‌ను, సూపర్‌చార్జర్ బ్రాకెట్ బోల్టులను చూడండి. స్పార్క్ ప్లగ్గులు కూడా సాక్ష్యం చెబుతాయి: తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు, వాటి మధ్య మెరిసే అల్యూమినియం రేణువులు కనిపిస్తే పిస్టన్ అప్పటికే కరగడం మొదలైందని అర్థం. అలాంటి ప్లగ్గును చూశాక ఆ రోజుకు ఇంకొక పరుగు తీయకండి.

నాక్ సెన్సర్ల లోపాన్ని తెలిపే పీ0327, పీ0332 కోడ్‌లు వస్తే మాత్రం ఈ పరీక్షలు ఆపండి. ఈ ఇంజిన్‌లో నాక్ సెన్సర్లు రెండూ మానిఫోల్డ్ కింది లోయలో ఉంటాయి. అక్కడికి నీరు చేరి తుప్పు పట్టడం తరచుగా జరిగేదే. వాటిని మార్చాలంటే సూపర్‌చార్జర్‌ను దించక తప్పదు కాబట్టి, దాన్ని బిగించే రోజునే కొత్త సెన్సర్లు, వైరు వేసుకోవడం మేలు. సెన్సర్లను కంప్యూటర్‌లో ఆపేసి నెట్టుకురావాలన్న ఆలోచనే వద్దు. బూస్ట్ ఉన్న ఇంజిన్‌కు మిగిలిన రక్షణ అవే.

నాక్ నిజమని తేలినప్పుడు, అది వచ్చిన గడుల్లోనూ వాటి చుట్టుపక్కల గడుల్లోనూ 2 డిగ్రీలు తగ్గించి మళ్ళీ లాగ్ చేయండి. రూట్స్ సూపర్‌చార్జర్ తక్కువ ఆర్‌పీఎం నుంచే బూస్ట్ ఇస్తుంది, అక్కడ మంట వ్యాపించేలోగా మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకోవడానికి సమయం ఎక్కువ దొరుకుతుంది. అందుకే 2,400–3,600 మధ్య టైమింగ్ తక్కువగా ఉంచి, ఆపైన క్రమంగా పెంచుతాం. రిటార్డ్ పూర్తిగా పోయాక మరో డిగ్రీ తగ్గించి వదిలేయండి, ఎందుకంటే ఎండాకాలపు మధ్యాహ్నం ట్రైలర్ లాగే పరిస్థితి డైనో మీద రాదు. ఈ మార్పుకు ముందువి, తరువాతవి రెండు లాగ్‌లనూ దాచుకోండి. 5వ భాగంలో వాటినే తెరిచి, అదే ఆర్‌పీఎం దగ్గర ఇంధన ఒత్తిడి ఎలా ఉందో చూస్తాం.