బైపీసీ చదివి ఆర్మీ నర్సింగ్ అసిస్టెంట్ కావాలంటే

నీట్ ర్యాంకు రాని పిల్లలు మా ఇంటికొచ్చి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "బాబాయ్, ఆర్మీలో చేరితే డాక్టర్ అవ్వొచ్చా?" అవ్వలేవు నాయనా. నర్సింగ్ అసిస్టెంట్ అవుతావు. యూనిట్లో జవాన్లు నిన్ను "డాక్టర్ సాబ్" అనే పిలుస్తారు, అది వేరే సంగతి. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో హవల్దారుగా రిటైరై ఇప్పుడు గిద్దలూరులో ఉంటున్నాను. అడిగినవాళ్ళకల్లా చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మార్కుల మెమో తీసి చూడు. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. మొత్తం మీద 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం రావాలి. మనవాళ్ళు దెబ్బతినేది ఈ రెండో షరతు దగ్గరే. బోర్డు లెక్కలో 35 వస్తే పాసు. బోటనీ, జువాలజీ ఇరగదీసి, ఫిజిక్స్‌ని 36 శాతంతో గట్టెక్కించినవాడికి అప్లై చేసే అర్హతే ఉండదు. ఫస్టియర్ మార్కులు చూసి అనుమానమొస్తే సిగ్గుపడకుండా ఇంప్రూవ్‌మెంట్ రాసెయ్. వయసు పదిహేడున్నర నుంచి 23 దాకా. ఇది అగ్నివీర్ లాగా నాలుగేళ్ళ కొలువు కాదు, రెగ్యులర్ పోస్టు. డి.ఫార్మసీ చేసి ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్ళకు సిపాయి ఫార్మా అని వేరే పోస్టుంది.

మన వైపు రిక్రూటింగ్ ఆఫీసులు గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్‌లలో ఉన్నాయి. ఏ జిల్లా దేని కిందికొస్తుందో, ఆ ఏడాది నిబంధనలేమిటో నోటిఫికేషన్‌లోనే చూసుకో, వాట్సాప్‌లో వచ్చింది నమ్మకు. మా రోజుల్లో ముందు పరుగు, తర్వాత రాతపరీక్ష. 2023 నుంచి తిరగబడింది: ముందు ఆన్‌లైన్ పరీక్ష, అందులో నెగ్గితేనే ర్యాలీ. పొద్దున్నే గ్రౌండ్‌లో పరిగెత్తి పుస్తకం ముట్టనివాడు ర్యాలీ దాకా కూడా రాలేడు. తప్పు జవాబుకు మార్కులు పోతాయి కాబట్టి గుడ్డిగా టిక్కులు పెట్టొద్దు. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్లప్స్, తొమ్మిదడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ ఉంటాయి. మెడికల్‌కి ముందే చెవిలో గుబిలి తీయించుకో. ఇంత చిన్నదానికి తిప్పి పంపుతారా అనుకుంటారు, పంపుతారు. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. సర్పంచ్ ఇచ్చే క్యారెక్టర్ సర్టిఫికెట్ ఆరు నెలల లోపుది కావాలి.

సెలెక్టయ్యాక లక్నోలోని ఆర్మీ మెడికల్ కోర్ (ఏఎంసీ) సెంటర్‌కి పంపుతారు. మొదట డ్రిల్లు, రైఫిల్, పీటీ. సైనికుడివయ్యాకే వైద్యం. హిందీ రాకపోతే తొలి రోజుల్లో ఉస్తాద్ (శిక్షణ ఇచ్చేవాడు) ఏమంటున్నాడో అర్థం కాక టెన్షన్ పడతావు, కాబట్టి ఇంట్లో ఉన్నప్పుడే మాట్లాడటం అలవాటు చేసుకో. తర్వాత టెక్నికల్ ట్రైనింగ్‌లో శరీర నిర్మాణం, ఇంజెక్షన్లు, సెలైన్లు, డ్రెస్సింగ్, స్ట్రెచర్ మోత. రక్తం కారుతున్న కాలికి టూర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించి, బిగించిన టైము రాసిపెట్టడం నిద్రలో లేపినా చేసేదాకా వదలరు. టైము రాయకపోతే వెనక ఆసుపత్రిలో సర్జన్‌కి ఆ కాలి సంగతి ఎలా తెలుస్తుంది?

కానీ పోస్టింగ్ వచ్చాక నీ రోజంతా తూటా గాయాలతో గడవదు. పొద్దున యూనిట్ దవాఖానా అయిన ఎం.ఐ. రూమ్‌లో సిక్ పరేడ్: జ్వరాలు, బొబ్బలెక్కిన పాదాలు, విరేచనాలు, డ్యూటీ తప్పించుకోవడానికి వచ్చే నడుం నొప్పులు. తర్వాత నీళ్ళు. క్యాంపు ఎక్కడ వేసినా నీళ్ళు పరీక్షించేది మనవాళ్ళే. నీళ్ళలో ఎంత బ్లీచింగ్ పౌడర్ కలపాలో తేల్చడానికి హారక్స్ పెట్టె అని ఒకటుంటుంది. అందులో ఆరు తెల్ల గిన్నెలు, ఒక నల్ల గిన్నె. నల్లదాంట్లో బ్లీచింగ్ పౌడర్ ద్రావణం కలిపి, తెల్ల గిన్నెల్లో పరీక్షించాల్సిన నీళ్ళు పోసి, మొదటిదాంట్లో ఆ ద్రావణం ఒక చుక్క, రెండోదాంట్లో రెండు, అలా ఆరు దాకా వేస్తాం. అరగంట ఆగి, క్లోరిన్ మిగిలి ఉంటే నీలం రంగు చూపించే ఇండికేటర్ వేస్తే గిన్నెలు వరసలో ఒకచోట నుంచి నీలమవుతాయి. మూడో గిన్నె దగ్గర నీలం మొదలైతే మూడు రెళ్ళు ఆరు, 455 లీటర్ల నీళ్ళకు ఆరు గ్రాముల పౌడర్. దీనికెవరూ పతకమివ్వరు గానీ, ఇది సరిగ్గా చెయ్యకపోతే ఒక కంపెనీ జవాన్లు మొత్తం లెట్రిన్ దగ్గర క్యూ కడతారు.

లడఖ్ లాంటి చోట పని ఇంకోలా ఉంటుంది. కొత్తగా పైకొచ్చినవాడు 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు అలవాటు పడాలి. "నాకేం కాలేదు సాబ్" అంటూ దగ్గేవాడిని పక్కన కూర్చోబెట్టి, కూర్చున్నా ఆయాసం వస్తోందా అని చూడాలి. వస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని అనుమానించాల్సిందే. వెంటనే ఆక్సిజన్ పెట్టి కిందికి దింపాలి. రేపు చూద్దాంలే అన్నావంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇక ఎదుగుదల. నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్ అంటూ ర్యాంకులు ఒక వరస. దానికి సమానంగా నడవాల్సింది క్లాస్, అంటే పనిలో నైపుణ్యం స్థాయి. నర్సింగ్ అసిస్టెంట్‌కి క్లాస్ 3, 2, 1 అని ఉంటాయి, 1 అన్నిటికన్నా పైది. నా మాట విని క్లాస్ 1ని వాయిదా వెయ్యకు. ఆపరేషన్ థియేటర్, లేబొరేటరీ, ఎక్స్‌రే, బ్లడ్ బ్యాంక్ లాంటి ట్రేడ్‌లు కూడా ఉన్నాయి. నన్నడిగితే ల్యాబ్, లేదా ఓటీ. బయటికొచ్చాక ఊళ్ళో పనికొచ్చేవి అవే. సాహసం మీద మోజుంటే పారాచూట్ దళాలతో పనిచేసే 60 పారా ఫీల్డ్ హాస్పిటల్ ఉంది. కొరియా యుద్ధంలో పనిచేసిన యూనిట్, 2023లో తుర్కియే భూకంపానికీ వెళ్ళింది. ఆఫీసర్ కావాలనుంటే సర్వీసులో ఉండగానే ఏసీసీ (ఆర్మీ క్యాడెట్ కాలేజీ) పరీక్ష రాసి డెహ్రాడూన్ వెళ్ళొచ్చు, దానికి వయసు పరిమితి ఉంటుంది కాబట్టి మొదటి ప్రమోషన్ దాకా ఆగొద్దు.

క్లాస్ 1 గురించి అంత గట్టిగా చెప్పడానికి కారణముంది. పదిహేనేళ్ళ సర్వీసుతో పెన్షన్ వస్తుంది, కానీ అప్పటికి నీకు నలభై కూడా ఉండవు. మాజీ సైనికుల కోసం నడిచే ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లలో నర్సింగ్ అసిస్టెంట్ కాంట్రాక్టు పోస్టుకి జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా గానీ, ఆర్మీ క్లాస్ 1 కోర్సు గానీ, దాంతోపాటు అనుభవమూ అడుగుతారు. ల్యాబ్ టెక్నీషియన్‌కీ అంతే. కేంద్రంలో గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం కోటా ఉంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో మాత్రం "ఆర్మీలో చేశాను" అంటే గౌరవిస్తారు, తర్వాత డిప్లొమా కాగితమేదని అడుగుతారు. అందుకే సర్వీసులో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసుకో. డిశ్చార్జ్ బుక్కులో నీ ట్రేడూ, క్లాసూ సరిగ్గా ఎక్కాయో లేదో రికార్డ్ ఆఫీస్ నుంచి కాగితాలు కదలకముందే చూసుకో. తర్వాత సరిచేయించుకోవడానికి ఉత్తరాలు రాయడంతోనే ఏడాది పోతుంది.